పేటయ్య నడుము మీది కొండలు

ఏప్రిల్ 20, సోమవారం

రంగుల షాపు వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ షెడ్డులో రెజిన్ డబ్బా కింద ఎత్తుకి పెట్టుకున్నాం. అట్ట మీద గుండ్రటి మరక పడింది కానీ లోపలంతా కొత్త పెళ్ళికూతురిలా ఉంది. కొత్త పెళ్ళికూతురంటే నేనే కదా. ఎనిమిది నెలలు దాటినా ఈ వీధిలో నన్ను అలాగే అంటున్నారు. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది, కాదనను.

ఎందుకు రాస్తున్నానంటే, ఊరికే. బాధలేమీ లేవు.

కొత్త పని వచ్చింది. నక్షత్రశాలలో ఇంకో హాలు కట్టారు. శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామలు బోలెడు ఉన్నాయట. వాటిలో ఒక మంచు చందమామని నా భుజాల ఎత్తున తయారు చేసి ఇవ్వాలట. నాన్న వినగానే, "శనితో సంబంధం మనకెందుకే? ఉన్న ఏలినాటి శని చాలదా?" అన్నాడు. పాపం, ముప్ఫై ఏళ్ళుగా బట్టల షాపుల బొమ్మలు చేస్తున్న మనిషి. తలలేని ఆడవాళ్ళూ చేతుల్లేని మగవాళ్ళూ తప్ప మా షెడ్డు గుమ్మం దాటి ఇంకేదీ వెళ్ళలేదు.

చందమామ పేరు ఇయాపెటస్. నాన్నకి నోరు తిరగలేదు. "పేటయ్య అందాం" అన్నాడు. అదే ఖాయమైంది.

ఏప్రిల్ 22

మా ఆయన కూతురికి సెలవులిచ్చేశారు. ఆయన గూడ్సు బండి నడుపుతారు. ఎప్పుడు వస్తారో ఎప్పుడు వెళ్తారో ఆ సిగ్నళ్ళకే తెలియాలి. ఇంట్లో ఒంటరిగా ఎందుకని పిల్లని నాతోపాటు షెడ్డుకు తీసుకెళ్తున్నాను. పన్నెండేళ్ళు. నడక, చూపు, కంచం ముందు కూర్చునే తీరు చూసి నేను లోపల్లోపల దొరసాని అని పేరు పెట్టుకున్నాను. ఎదురుగా అనే ధైర్యం లేదు.

అది నన్ను ఏమని పిలుస్తుంది? ఏమనీ పిలవదు. అమ్మ అనే మాట దాని సొంత అమ్మది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నాలాంటిదాన్ని పిన్ని అనాలి, కానీ ఆ కుర్చీలో ఆ అమ్మ చెల్లెలు ఎప్పటినుంచో కూర్చుని ఉంది. ఇక నాకు మిగిలింది "ఇదిగో", "అదీ", లేదంటే చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడడం. మా నాన్నని మాత్రం మొదటిరోజే తాతయ్యా అనేసింది. ముసలాయన అదృష్టం.

ఆ పిన్ని నిన్న ఫోను చేసింది. బడి తెరిచేలోపు పిల్లని తన ఇంటికి తీసుకెళ్ళి అక్కడే చదివిస్తానంటోంది. పెద్ద ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు, తోడు ఉంటుంది. వచ్చే నెల పదిహేడున వస్తుందట, జవాబు కోసం. ఆయన "దాని ఇష్టం" అన్నారు. నేనూ నవ్వుతూ, "నీ ఇష్టం తల్లీ, నాకేం? ఎక్కడ బాగుంటే అక్కడే ఉండు" అన్నాను. దొరసాని నా వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నిజంగానే నాకేం లేదు. పిల్ల ఎక్కడున్నా హాయిగా ఉంటే చాలు.

ఏప్రిల్ 24

ఈరోజు ఒక మంచి పని చేశాను. దొరసాని బల్ల మీద ఒక మట్టి ఏనుగు ఉంటుంది. ఎప్పుడో తొండం విరిగితే ఎవరో అతికించారు. అతికించారు అనడం కంటే జిగురు కుమ్మరించారు అనాలి. పసుపుపచ్చగా పొంగి, గట్టిపడి, చీమిడి కారే పిల్లాడి ముక్కులా ఉండేది. ఊడ్చినప్పుడల్లా దాన్ని చూసి నా చేతులు దురద పెట్టేవి. పిల్ల పక్కింటికి ఆడుకోవడానికి వెళ్ళిన సమయం చూసి షెడ్డుకు పట్టుకెళ్ళాను. పాత జిగురంతా చెక్కేసి, సందులో లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు కలిపి వేశాను. నాన్న బొటనవేలితో తడిమి, "ఎక్కడే విరిగింది?" అన్నాడు. ఆయన నోట అంతకుమించి బిరుదు లేదు.

సాయంత్రం దొరసాని చూసింది. ఏనుగుని చేతిలోకి తీసుకుని తొండం దగ్గర వేలు పెట్టి అలాగే నిలబడింది. అన్నం కూడా సగంలో వదిలేసి లేచింది. థాంక్స్ అంటుందేమో అనుకున్నాను. ఎదిగే పిల్లలు, మొహమాటం ఉంటుంది.

ఏప్రిల్ 25

ఏనుగు బల్ల మీద లేదు. సొరుగులో గుడ్డలో చుట్టి ఉంది. జాగ్రత్తగా దాచుకుందన్నమాట.

ఏప్రిల్ 27

పేటయ్య వచ్చాడు. గట్టి ఫోమును మిషను మీద చెక్కించి, రెండు అరగోళాలుగా వ్యానులో పంపారు. ఒళ్ళంతా గుంటలే. మా పని రెండు ముక్కల్నీ అతికించి, పైన రెజిన్ పూత పూసి, రంగులు వేయడం. వాటితోపాటు ఒక కాగితాల కట్ట పంపారు. "తప్పకుండా చదవండి" అని పైన రాసుంది. చదవడానికి నాకు తీరికేది? దొరసాని పట్టుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకున్నాక మొదలుపెట్టింది, మా నాన్నతో.

"తాతయ్యా, దీనికి ఒకవైపు బొగ్గు నలుపు, ఇంకోవైపు మంచు తెలుపు. తెలుసా?"

"ఏం, రంగు చాల్లేదా?"

"కాదు. ఇది ఎప్పుడూ ఒకే మొహం ముందుకు పెట్టి తిరుగుతుంది. ఎదురొచ్చే దుమ్మంతా ఆ మొహం మీదే పడుతుంది. వెనకవైపు పడదు."

"బండి మీద పోయేవాడి మొహంలాగన్నమాట."

"ఊఁ. దీన్ని మొదట చూసినాయన మూడొందల యాభై ఏళ్ళ కిందట చూశాడు. శనికి ఒకవైపు ఉన్నప్పుడు కనిపించేది. రెండోవైపుకి రాగానే మాయం. అక్కడ దాన్ని చూడడానికి ఆయనకి ఏళ్ళు పట్టింది."

"ఎక్కడికి పోయిందట?"

"ఎక్కడికీ పోలేదు తాతయ్యా. అక్కడే ఉంది. నల్ల మొహం ఇటు తిప్పింది, అంతే."

నేను పక్క బల్ల దగ్గర వీపు తిప్పి కూర్చుని వింటున్నాను. చెప్పింది నాన్నకే అయినా, నాకు వినబడేంత గట్టిగానే చెప్పింది. అలా అనుకోవడం నాకు బాగుంది.

ఏప్రిల్ 29

రెండు ముక్కలూ అతికించాను. ఎంత దరిద్రంగా చెక్కారో! అంచుల దగ్గర సగం చుట్టు దాకా శుభ్రంగా ఉంది. మిగతా సగం వేలెడు మందాన పొంగి ఉంది. కరెక్టుగా నడుము మీద, అతుకు వెంబడే. మిషనువాడికి సగం పనయ్యాక నిద్రొచ్చినట్టుంది.

నాన్నకి ఒకటే వేదం: "అతుకు కనబడితే బొమ్మ చచ్చినట్టే."

ఏప్రిల్ 30

రుద్దుతున్నాను.

మే 2, శనివారం

ఒళ్ళు హూనమైంది కానీ పేటయ్య నడుము ఇప్పుడు అద్దంలా ఉంది. గ్రైండరు పట్టి, ఆ తర్వాత గరుకు కాగితం, ఆపైన సన్న కాగితం. నిన్న దొరసాని కాగితాల కట్ట పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. నోరు తెరిచింది. గ్రైండరు ఆపి, "ఏంటి?" అన్నాను. పొంగు అప్పటికి సగం పోయింది. దానివైపు చూసి, "ఏం లేదు" అని వెళ్ళిపోయింది.

ఈరోజు నాన్న కళ్ళు మూసుకుని బొటనవేలితో చుట్టంతా తడిమాడు. "శభాష్" అన్నాడు. మా అమ్మాయి కొండలు పిండి కొట్టే రకమని వ్యాను డ్రైవరుకి కూడా చెప్పాడు.

మే 5, మంగళవారం

నిజంగానే కొండలు పిండి కొట్టేశాను.

నక్షత్రశాల మేడమ్ పని చూడడానికి వచ్చారు. హెల్మెట్ చంకలో పెట్టుకుని పేటయ్య చుట్టూ ఒకసారి తిరిగారు. మళ్ళీ తిరిగారు. నేను పొగడ్త కోసం సిద్ధంగా నిలబడి ఉన్నాను.

"కొండలేవండీ?" అన్నారు.

"ఏ కొండలు?"

"నడుం చుట్టూ ఉండాలి కదా! ఈ చందమామ గొప్పంతా అదే. కొన్నిచోట్ల ఇరవై కిలోమీటర్ల ఎత్తు. మన భూమ్మీద ఎంత ఎత్తు శిఖరమైనా అందులో సగానికి రాదు."

నాన్న అడ్డం పడ్డాడు. "అవి కొండలు కాదండీ, అతుకు. మా అమ్మాయి తీసేసింది."

"అతుకేంటండీ బాబూ!"

"గీత గీసినట్టు సరిగ్గా నడుం మీదే కొండలెవరు పెడతారమ్మా?"

"అదే ఎవరికీ తెలీదండీ. ఒకప్పుడు దాని చుట్టూ ఒక వలయం ఉండేదనీ, అది కూలి నడుం మీద పడిందనీ కొందరంటారు. పుట్టిన కొత్తల్లో మహా వేగంగా తిరిగి నడుం ఉబ్బిందని కొందరంటారు. ఇంకా తేలలేదు."

"తేలాక చేయించుకోవాల్సింది" అన్నాడు నాన్న.

నేను నీళ్ళు నమిలాను. మళ్ళీ చేసిస్తానన్నాను. పదహారున హాలు తెరుస్తున్నారు, పద్నాలుగుకల్లా ఇవ్వాలి. మేడమ్ మంచావిడ, అరవలేదు. "మొదటి పేజీలోనే బొమ్మ వేసి మరీ రాశాం కదండీ" అన్నారు, అంతే. తల కొట్టేసినట్టయింది. దొరసాని వైపు చూశాను. అది తన చెప్పుల్ని శ్రద్ధగా పరీక్షిస్తోంది.

సాయంత్రం, అదే రోజు

ఇంటికి నడిచి వస్తూ అడిగాను. కోపంగా కాదు. కొంచెం కోపంగానే.

"నీకు తెలుసు కదా, అవి కొండలని?"

"ఊఁ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాలనే వచ్చా. అప్పటికే సగం పోయింది."

"మిగతా సగమైనా ఆపేదాన్ని కదా?"

కూరగాయల బండి దాటాక అంది. "ఏనుగప్పుడు నన్నడగలేదుగా."

"ఏనుగుకేమైంది? బాగు చేశాను కదా?"

"ఆ జిగురు మా అమ్మ పెట్టింది. ఎక్కువైపోయి బయటికొస్తే వేలితో తుడిచింది. అందులో అమ్మ వేలి గీతలుండేవి. నేను రోజూ అక్కడ వేలు పెట్టేదాన్ని."

ఏడవకుండా చెప్పింది. టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది. నేను ఇంటికొచ్చి బాత్రూములో నల్లా తిప్పి ఏడ్చాను.

జిగురులో గీతలుండడం నాకు గుర్తుంది. చెక్కేముందు చూశాను. ఎవరో మొరటు పనివాడు అనుకున్నాను.

మే 6

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 8

పొద్దున లప్పం కలుపుతూ దొరసానితో చెప్పాను. "తప్పయిపోయింది. అడగకుండా ముట్టుకోకూడదు. అది మళ్ళీ తేలేను." ఇంకా బాగా చెప్పాలనుకున్నాను, రాలేదు.

"తెలుసు" అంది. ఇంకాసేపటికి, "కొండలు ఎలా చేస్తావు?" అంది.

కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. ఫొటోలు చూస్తే నా కళ్ళు తిరిగాయి. ఒకచోట ఒకే వరస కొండలు, ఇంకోచోట పక్కపక్కనే మూడు వరసలు, తెలుపు వైపుకి వచ్చేసరికి తెగిపోయి అక్కడక్కడా ఒంటరి గుట్టలు. నేను లప్పం పెట్టిన ప్రతిసారీ తిన్నగా, సాపుగా, రైలు పట్టాలా వస్తోంది. దొరసాని పక్కనుంచి, "అంత నీటుగా ఉండదు" అంటూనే ఉంది. చివరికి విసుగొచ్చి తనే వేళ్ళతో గిల్లి చూపించింది. ఇన్నేళ్ళు తిన్నగా తిరిగిన చేతికి వంకర నేర్పడం ఎంత కష్టమో ఈరోజు తెలిసింది.

ఆయన డ్యూటీ దిగి నేరుగా షెడ్డుకొచ్చారు. జరిగింది విని, "కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నాను. నువ్వు ఎలుక కూడా లేకుండా తవ్వావు" అన్నారు. దొరసాని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అంత గొప్ప జోకేం కాదు, అయినా నవ్వాను.

మే 11, సోమవారం

పిన్ని మళ్ళీ ఫోను. "ఏమనుకున్నావే?" అని అడిగితే దొరసాని, "ఆదివారం చెప్తా పిన్నీ" అంది. నేను వంటింట్లోంచి హుషారుగా, "పంపించేస్తామండీ, దాని గది ఖాళీ అయితే నా సామాను పెట్టుకుంటా" అన్నాను. హాస్యానికి. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు. "నువ్వు నవ్వుతూ అంటావు. దానికి నీ నవ్వు వినబడదు, మాట ఒక్కటే వినబడుతుంది" అన్నారు.

"మీరూ దాని ఇష్టం అన్నారు కదా?"

"అన్నాను. నాకూ బుద్ధి లేదు" అన్నారు. ఆరేసిన బట్టలు తీసుకుని ఇద్దరం లోపలికొచ్చాం.

ఎన్నాళ్ళని రాస్తాను నాకేం లేదని? ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. దీనికి కూడా అబద్ధం చెప్పుకోవాలా? ఆ పిల్ల వెళ్ళిపోతే నాకు ఇంట్లో కాలు నిలవదు. పొద్దున దాని జడ వేయడానికి నేను పది నిమిషాలు ముందు లేస్తాను. అది నన్ను ఏమనీ పిలవకపోయినా సరే, నా ముందుకొచ్చి నిలబడితే చాలు.

మే 13

రంగులు వేస్తున్నాం. నలుపు వైపు దొరసాని, తెలుపు వైపు నేను. మధ్యలో పేటయ్య. అటువాళ్ళు ఇటువాళ్ళకి కనబడరు. ఎదురుగా మొహం లేకపోతే నాకు ధైర్యం వస్తుందని అప్పుడే తెలిసింది.

"నువ్వు వెళ్ళొద్దు" అన్నాను.

"ఎక్కడికి?"

"మీ పిన్ని వాళ్ళింటికి. నీ ఇష్టం అన్నాను చూడు, అది సగమే. నా ఇష్టం కూడా ఒకటుంది. నువ్వు ఇక్కడ ఉండాలి. నీకు అక్కడే బాగుంటుందంటే పంపిస్తాను, కానీ నవ్వుతూ పంపించలేను."

కుంచె చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. చాలాసేపు అదే చప్పుడు.

"నలుపు అయిపోయింది. ఇంకో డబ్బా ఇవ్వు" అంది.

ఇచ్చాను. జవాబు కోసం ఎదురుచూస్తే డబ్బా అడిగింది, ఏం చేస్తాం. చెప్పాల్సింది చెప్పేశాను. ఆకలి కూడా వేసింది, రెండుసార్లు తిన్నాను.

మే 14

పేటయ్య వెళ్ళిపోయాడు. వ్యాను ఎక్కించేముందు నాన్న వచ్చి కొండల మీద బొటనవేలు పెట్టి మొహం చిట్లించాడు. "వేలిముద్రలు కనబడుతున్నాయే. ఒక్క పట్టు కాగితం పట్టేస్తే..." అంటూ జేబులోంచి ఉప్పుకాగితం తీశాడు.

నేనూ దొరసాని ఒకేసారి అరిచాం. నాన్న కాగితం జేబులో పెట్టేసుకున్నాడు.

మే 16, శనివారం

శనిగారి హాలు శనివారమే తెరిచారు. పేటయ్యని పైనుంచి తీగతో వేలాడదీసి, ఒకవైపునుంచి లైటు వేశారు. షెడ్డులో రెండున్నర వారాలు కాళ్ళకీ చేతులకీ అడ్డం పడ్డవాడేనా అనిపించింది. కొండల నీడ పొడుగ్గా పడి, లప్పమని నాకే నమ్మబుద్ధి కాలేదు. మేడమ్ నా చేయి నొక్కి, "ఫోము మీద ఉన్నవాటి కంటే ఇవే బాగున్నాయి, ఆ మాట మిషనువాళ్ళకి చెప్పకండి" అన్నారు.

ఒక తల్లి తన కొడుకుతో, "చూడు, ఈ అతుకెంత బాగా కనబడుతోందో, సరిగా చేయలేదు" అంది. నాన్న ఇస్త్రీ చొక్కా సర్దుకుని ముందుకెళ్ళాడు. "అతుకు కాదమ్మా, కొండలు. భూమ్మీద ఇంతెత్తువి లేవు. ఎలా వచ్చాయో ఇంకా తేలలేదు" అన్నాడు. సాయంత్రం దాకా అక్కడినుంచి కదల్లేదు. వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, అడగనివాళ్ళకి కూడా.

రేపు ఆదివారం.

మే 17

పిన్ని వచ్చింది. ఇన్నాళ్ళూ ఫోనులో విన్న గొంతుకి పెద్ద మనిషిని ఊహించుకున్నాను. సన్నగా, అలసిపోయి, బస్సు దిగిన దుమ్ముతో ఉంది. పిల్లని చూడగానే దాని చెంపలు రెండూ పట్టుకుంది. ఆ చేతులు చూస్తే నాకు కోపం తెచ్చుకోవడం చేతకాలేదు.

టీ తాగాక ఆవిడే అడిగింది. దొరసాని నా వంక చూడలేదు, వాళ్ళ నాన్న వంకా చూడలేదు. "సెలవుల్లో వస్తా పిన్నీ. ప్రతి సెలవులకీ వస్తా. బడి ఇక్కడే" అంది.

"ఎవరైనా ఏమన్నా చెప్పారా?" అంది పిన్ని.

"చెప్పారు. వెళ్ళొద్దని చెప్పారు" అంది దొరసాని.

పిన్ని నా వైపు తిరిగింది. నవ్వుదామనుకున్నాను, రాలేదు. కళ్ళనీళ్ళొచ్చాయి. "నేనే చెప్పానండీ" అన్నాను. ఆవిడ చాలాసేపు చూసి, "మా అక్క పిల్లండీ" అంది. "తెలుసండీ" అన్నాను. ఇద్దరం ముక్కులు తుడుచుకున్నాం. ఆయన ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి పారిపోయారు.

మిగిలిన సెలవులకి పిల్లని తీసుకెళ్తానంది. మూడు రోజులాగి ఆయనే దింపి వస్తారు. ఎందుకు మూడు రోజులని అడిగితే, దొరసాని పనుందంది.

మే 20, బుధవారం

పొద్దున షెడ్డుకు బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒక చేతిలో ఏనుగు, ఇంకో చేతిలో ఏనుగు చెవి.

"పడిపోయింది" అంది.

సొరుగులో గుడ్డలో చుట్టి ఉన్న బొమ్మ దానంతటది ఎలా పడుతుంది? అడగబోయి నోరు మూసుకున్నాను. తిప్పి చూశాను. తొండం దగ్గర నేను చేసిన అతుకు చెక్కుచెదరలేదు. చెవి కొత్తగా విరిగింది.

"షెడ్డుకు తీసుకెళ్ళి..." అన్నాను.

"వద్దు. ఇక్కడే. ట్యూబు జిగురుతో."

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ట్యూబు పిండితే ఎక్కువే వచ్చింది. చెవి పెట్టి నొక్కాను. జిగురు బయటికి పొంగింది. అలవాటు కొద్దీ నా చేయి గుడ్డ కోసం వెతికింది.

"ఊఁహూఁ. వేలితో."

బొటనవేలితో తుడిచాను. పక్కనే మోచేతులు ఆనించి, ఆరేదాకా కదలకుండా చూస్తూ కూర్చుంది. ఆరాక తన వేలు అక్కడ పెట్టి చూసుకుంది.

"ఇంక రుద్దకు" అంది.

రుద్దలేదు. ఏనుగు మళ్ళీ దాని బల్ల మీదికి చేరింది. చెవి కొంచెం వంకరగా అతికింది. నాన్న చూస్తే తిడతాడు. చూడనీ.